ఆఫర్ పెట్టే ముందు అడ్రసు పంపు

రోజర్స్, ఆర్కన్సా

కిరణ్,

నువ్వు పంపిన ఇంటి ఫోటోలు చూశాం. వెనక రెండెకరాల గడ్డి, మూలన ఓక్ చెట్టు, సొంత బోరు. ఇక్కడి చలికి బతకదని తెలిసి కూడా మీ పెద్దమ్మ మునగచెట్టు ఎక్కడ పాతాలో అప్పుడే చెప్పేసింది. ఇల్లు బాగుంది. కానీ “బెంటన్ కౌంటీలో యూఎస్‌డీఏ లోను వస్తుందట పెదనాన్నా” అన్న నీ మాట దగ్గర నేను ఆగిపోయాను.

వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) పల్లె ప్రాంతాల ఇళ్లకి డౌన్ పేమెంట్ లేకుండా ఇప్పించే ఆ లోను కౌంటీని చూసి ఇవ్వరురా, అడ్రసుని చూసి ఇస్తారు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ కౌంటీలో ఉన్నది 2,84,000 మందికి పైగా. వాల్‌మార్ట్ పుట్టి పెరిగిన చోటు, మనవాళ్లు వందల్లో కొలువు చేస్తున్న చోటు. 54 వేల జనం ఉన్న బెంటన్‌విల్ నడిబొడ్డుని పల్లెటూరు అంటే ఎవరొప్పుకుంటారు? పీ రిడ్జ్, గ్రావెట్ లాంటి చిన్న ఊళ్ల వైపు అయితే ఆశ పెట్టుకోవచ్చు. అదీ ఊరి పేరు చూసి కాదు. వ్యవసాయ శాఖ మ్యాపులో ఇంటి నంబరు కొట్టి చూడాలి. అందులో అర్హత గీత ఒక్కోసారి రోడ్డు మధ్యలోంచే పోతుంది, ఇటు పక్క ఇంటికి వస్తుంది, ఎదురింటికి రాదు.

నా సంగతే చెబుతా. మొదటి ఇల్లు వెతికేటప్పుడు లోను ఇచ్చేవాళ్ల మాట నమ్మి, ఒక ఇంటి చుట్టూ రెండు వారాలు తిరిగి, ఇన్‌స్పెక్షన్‌కి డబ్బు కూడా కట్టాను. తీరా చూస్తే ఆ ఇల్లు గీతకి అవతల. కట్టిన డబ్బు కట్టినట్టే పోయింది.

ఇక కోడలమ్మాయి జీతం సంగతి. నీ ఒక్కడి పేరు మీద అప్లై చేస్తే తన జీతం లెక్కలోకి రాదనుకుంటున్నావు. వస్తుంది. లోనులో పేరున్నా లేకపోయినా ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి రాబడీ కలుపుతారు. దాచాలని చూడకు, ఆ అవసరం కూడా లేదు. 2025లో చాలా కౌంటీల్లో నలుగురి దాకా ఉన్న కుటుంబానికి రాబడి హద్దు ఏడాదికి 1,19,850 డాలర్లు. మీ ఇద్దరిదీ కలిపి 1,26,000 అన్నావు. కానీ పాప డేకేర్‌కి నెలకి 800 కడుతున్నారు కదా? మీరిద్దరూ ఉద్యోగానికి వెళ్లడం కోసం కట్టేది కాబట్టి ఏడాదికి ఆ 9,600 తీసేస్తారు. పిల్లకి ఇంకో 480. మిగిలేది 1,15,920, హద్దు లోపలే ఉన్నావు. డేకేర్ రసీదులు ఒక్కటి కూడా పారెయ్యొద్దని అమ్మాయికి చెప్పు. ఓవర్‌టైమ్, బోనస్ కూడా లెక్కేస్తారు, అవి కలిపే 1,26,000 అన్నావా లేదా చూసుకో.

నీకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఈ మాటలన్నీ. హెచ్-1బీ మీద ఉన్న నీ స్నేహితుడికి ఇది రాదు, పాపం అతనికి ఆశ పెట్టకు.

డౌన్ పేమెంట్ లేదంటే ఊరికే వస్తుందని కాదు. అప్పిచ్చేది బ్యాంకే, నువ్వు కట్టకపోతే బ్యాంకుకి ప్రభుత్వం హామీ, అంతే. ఆ హామీకి మొదట ఒక శాతం రుసుము, తర్వాత ఏటా మిగిలిన అప్పు మీద 0.35 శాతం. 2,50,000 అప్పుకి మొదట 2,500. కావాలంటే దాన్ని అప్పులోనే కలుపుకోవచ్చు. మొదటి ఏడాది నెలకి ఇంకో 73 డాలర్ల దాకా పడుతుంది. ముప్పై ఏళ్లు, వడ్డీ మారదు. నువ్వే ఉండాలి, అద్దెకివ్వడానికి కొనేది కాదు.

తణుకులో స్థలం అమ్మి డబ్బు పంపుతానని మీ నాన్న ఫోను చేశాడు. వద్దన్నాను. డౌన్ పేమెంట్‌కి ఇరవై శాతం చేతిలో ఉండి, మామూలు బ్యాంకు లోను రాగలవాళ్లకి ఈ లోను ఇవ్వకూడదని నిబంధన. ఆ స్థలం అక్కడే ఉండనీ.

బోరు నీళ్లు పరీక్ష చేయిస్తారు, అది మంచిదే. సెప్టిక్ ట్యాంకు మూత తీయించి నువ్వు దగ్గరుండి చూడు. ఆగస్టులో ఒక సాయంత్రం ఆ ఇంటి ముందు కారాపి అద్దాలు దించు. ఈ కౌంటీ నిండా కోళ్లఫారాలే. తణుకు వాళ్లం, ఆ వాసన మనకి కొత్త కాదు కానీ, రోజూ దాన్ని పీలుస్తూ ఉండగలవా అన్నది వేరే సంగతి.

క్లోజింగ్ తేదీ మరీ బిగించి రాయించకు. 2025 అక్టోబరులో ప్రభుత్వం మూతపడి 43 రోజులు ఈ హామీ కాగితాలు కదల్లేదు. గడువు పెంచుకునే వీలు కాంట్రాక్టులో ఉండాలని మీ రియల్టర్‌కి గట్టిగా చెప్పు.

ఇంటి నంబరు, వీధి, జిప్ కోడ్ ఈ రాత్రికే పంపు. నేను మ్యాపులో చూసి చెప్పేదాకా ఆఫర్ మీద సంతకం పెట్టకు.

మీ పెదనాన్న