నన్నెవరు మోస్తరు?

సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు ఫోన్ చేసి "అమ్మా, ఒక వారం వచ్చి పో" అన్నాడు. తిరుమలగిరిలో మా అక్క నోట వచ్చిన మొదటి మాట "నన్నెవరు మోస్తర్రా?" అని. చిన్నప్పుడే పోలియో వచ్చిన కాళ్లు ఆమెవి. గడప దగ్గర, బస్సు దగ్గర, గుడి మెట్ల దగ్గర ఎవరో ఒకరు చంకల్లో చేతులేసి ఎత్తాల్సిందే. పెళ్లికి పోవాలన్నా ఎత్తేవాళ్ల తీరిక చూసుకోవాలి. అలా బతికిన మనిషికి ప్రయాణమంటే తాను చూసే ఊరు కాదు, ఇంకొకరికి పెట్టే కష్టం.

నేను అక్కతో ఒకటే చెప్పాను: ప్రశ్న మార్చు. "నన్నెవరు మోస్తరు" అని అడిగినంత కాలం జవాబు పక్కవాళ్ల దయలో ఉంటుంది. "అక్కడ మెట్లెన్ని, తలుపు వెడల్పెంత" అని అడిగితే జవాబు అంకెల్లో వస్తుంది. అంకె చేతికొచ్చాక పోవాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు. చక్రాల కుర్చీలో విదేశం చూసి రావాలనుకునేవారు పాస్‌పోర్టు కంటే ముందు సిద్ధం చేసుకోవాల్సింది ఈ ప్రశ్ననే.

మేం కొలతల టేపుతో మొదలుపెట్టాం. చేత్తో తిప్పే రింగులతో కలిపి కుర్చీ వెడల్పెంత? కాళ్లు పెట్టుకునే పలకలతో కలిపి పొడవెంత? నేల నుంచి సీటు ఎత్తెంత, మడిస్తే ఎంత, బరువెంత? ఐదు అంకెలు ఒక కాగితం మీద రాసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాం. తర్వాత ప్రతి నిర్ణయం ఆ కాగితం నుంచే వచ్చింది. సింగపూర్ బస్సుల్లో, మెట్రోలో 70 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు దాటని కుర్చీలనే ఎక్కనిస్తారు. అక్కది 64. ఆ అంకె చూశాక ఆమె ముఖంలో భయం సగం తగ్గింది. "ధైర్యంగా ఉండు" అని మేం ఎన్నిసార్లు చెప్పినా తగ్గని భయం అది.

వాలు లెక్క కూడా తెలుసుకోండి. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. మన ఇళ్ల ముందు మోటారు సైకిల్ ఎక్కించడానికి వేసే సిమెంటు వాలు కుర్చీకి పనికిరాదు. "మా దగ్గర ర్యాంప్ ఉంది" అని ఎవరన్నా ఎత్తెంత, పొడవెంత అని అడగండి.

దేశం ఎంచుకోవడంలో మేం ఎక్కువ తర్జనభర్జన పడలేదు. మేనల్లుడు అక్కడుండటం ఒక కారణం. శంషాబాద్ నుంచి నేరుగా విమానముంది, దాదాపు నాలుగున్నర గంటలు. మధ్యలో విమానం మారితే కుర్చీ ఇంకో రెండు జతల చేతులు మారుతుంది, విరిగే ప్రమాదం పెరుగుతుంది. మొదటి ప్రయాణానికి టికెట్ కాస్త ఎక్కువైనా నేరుగా పోయేదే తీసుకోండి. సింగపూర్‌లో ప్రతి మెట్రో స్టేషన్‌కూ లిఫ్ట్ ఉంది. 2020 డిసెంబర్ నుంచి అక్కడి సిటీ బస్సులన్నీ చక్రాల కుర్చీ ఎక్కేవే.

అసలు పరీక్ష స్నానాల గది. మేనల్లుడి అద్దె ఇంట్లో బాత్రూం గడప ఎత్తు. అందుకని హోటల్ చూశాం. ఒక హోటల్ వాళ్లు "అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అని రాశారు. ఫొటోలు పంపమంటే తెలిసింది, స్నానానికి తొట్టి ఎక్కి దిగాలి. "వీల్‌చైర్‌కు వీలుగా ఉంటుందా?" అని అడిగితే ఎవరైనా ఉంటుందనే అంటారు. బాత్రూం తలుపు తెరిచాక దొరికే ఖాళీ ఎన్ని సెంటీమీటర్లు? కమోడ్‌కు కుడివైపు జాగా ఉందా, ఎడమవైపా? పట్టుకునే కమ్మీ ఏ పక్కన? షవర్ కింద నేల సమంగా ఉందా, కూర్చుని స్నానం చేయడానికి స్టూలు ఉందా? మంచం ఎత్తెంత? అక్క ఎడమవైపు నుంచే జరగగలదు. కుడివైపు మాత్రమే జాగా ఉన్న గది ఎంత ఖరీదైనదైనా ఆమెకు పనికిరాదు. ఫొటోలో కొలత టేపు కూడా కనబడేలా పంపమని అడగండి. మొహమాటపడకండి. మూడో హోటల్ వాళ్లు అలాగే పంపారు, అక్కడే దిగాం.

విమానం సంగతి. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం ప్రయాణానికి 48 గంటల ముందే విమాన సంస్థకు అవసరం చెప్పాలి. వికలాంగులకు ఆ సాయం ఉచితం. చెప్పడంలోనూ తేడా ఉంది. దూరం నడవలేనివారు, మెట్లు ఎక్కలేనివారు, సీటు వరకూ తీసుకెళ్లాల్సినవారు అని మూడు రకాలుగా రాసుకుంటారు. మూడో రకానికి 'డబ్ల్యూసీహెచ్‌సీ' అని గుర్తు. అడుగు వేయలేనివారు ఆ నాలుగక్షరాలూ టికెట్‌లో ఉన్నాయో లేదో అడిగి చూసుకోవాలి. విమానం లోపలి దారి ఇరుకు కాబట్టి సన్నటి వేరే కుర్చీలో సీటు దాకా తీసుకెళ్తారు. సొంత కుర్చీని విమానం తలుపు దాకా వాడుకుంటామని, దిగినచోట మళ్లీ తలుపు దగ్గరే ఇవ్వమని ముందే చెప్పండి. కుర్చీ అప్పగించే ముందు మెత్త, కాళ్ల పలకలు ఊడదీసి వెంట ఉంచుకోండి. నాలుగు వైపులా ఫొటో తీయండి. విరిగితే విమానాశ్రయం దాటకముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద సామానుకు పరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్లు), అంటే దాదాపు రెండు లక్షల రూపాయలు. మీ కుర్చీ అంతకంటే ఖరీదైతే, దాన్ని అప్పగించేటప్పుడే విలువ ప్రకటించడం మంచిది. బ్యాటరీ కుర్చీలవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఊడదీసే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు దాటకూడదు. దాన్ని సామానులో వేయకుండా వెంటే తీసుకెళ్లాలి, విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి.

దారిలో మూత్రానికి పోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్లు మానేసే ఆడవాళ్లు మా ఊళ్లో చాలామంది. అక్కా అంతే. విమానంలో అది ప్రమాదం. డాక్టరుతో ముందే సిగ్గుపడకుండా మాట్లాడి ఏర్పాటు చేసుకోండి. మందుల అసలు పేర్లు రాసిన ఇంగ్లిష్ ఉత్తరం ఆయన దగ్గరే తీసుకోండి. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డుల నకళ్లూ వెంట పెట్టుకోండి.

ఇప్పుడు తోడు వెళ్లేవారికి ఒక మాట. కౌంటర్‌లో ఉద్యోగి కుర్చీలో ఉన్న మనిషిని వదిలేసి మిమ్మల్ని అడుగుతాడు, "ఈమె నడవగలదా?" అని. మీరు జవాబు చెప్పకండి. అక్క వైపు చూడండి. మొదటిసారి నేనే ఆత్రంగా చెప్పేశాను. పక్కకొచ్చాక అక్క అంది, "నోరు పోలే గదరా నాకు" అని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత ప్రతిచోటా ఆమే మాట్లాడింది. అరకొర ఇంగ్లిష్‌తోనే తన కాగితం చూపించి అడిగింది, అడిగింది దొరికింది.

అడగడం బిచ్చం కాదు. ఇవాళ మనం మెచ్చుకునే ర్యాంపులు ఎవరో జాలిపడి వేసినవి కావు. 1978 జులై 5న అమెరికాలోని డెన్వర్ నగరంలో కుర్చీలు ఎక్కలేని బస్సుల ముందు 19 మంది వికలాంగులు అడ్డంగా నిలిచారు, రాత్రంతా కదలలేదు. అలాంటి పోరాటాలు ఎన్నో నడిచాకే 1990లో అక్కడ చట్టం వచ్చింది. మనకూ 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. మన ఊరి బస్సు మెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. అందుకే అడగడం అలవాటు కావాలి.

పోయే ముందు ఒకసారి సాధన చేయండి. మేం కారులో జనగామ మీదుగా ఉప్పల్ చేరి, అక్కడ మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా పోయి వచ్చాం. లిఫ్ట్, టికెట్ గేటు, రైలు తలుపు, జనంలో కుర్చీ తిప్పడం అన్నీ ఒక రోజులో తెలిశాయి. ఎంతసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుందో కూడా ఆ రోజే తెలిసింది. దాన్ని బట్టి సింగపూర్‌లో రోజుకు ఒక్క చోటే చూడాలని తీర్మానించుకున్నాం.

డబ్బు మాట దాటేయను. నెలకు 4,016 రూపాయల వికలాంగుల పింఛన్‌తో బతికేవారికి ఈ ప్రయాణం అందదు. కానీ మా మండలంలో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. అక్కడికి నడిచే తల్లిదండ్రులు పోయి వస్తున్నారు, నడవలేనివాళ్లు ఇంటికి కాపలా ఉంటున్నారు. టికెట్ కొనగలిగిన బిడ్డలారా, మీ అమ్మకు కాళ్లు లేవని కాదు, మీరు కొలతలు అడగలేదని ఆమె ఇంట్లో ఉండిపోయింది.

సింగపూర్‌లో మొదటి రోజు బస్‌స్టాప్‌లో డ్రైవర్ దిగొచ్చి మధ్య తలుపు దగ్గర పలక పరిచాడు. జనమంతా ఆగారు. అక్క తన చేతులతో తానే చక్రాలు తిప్పుకుంటూ అందరికంటే ముందు ఎక్కింది. ఎత్తడానికి అలవాటుగా చాచిన నా చేతులు ఖాళీగానే వెనక్కి వచ్చాయి.

మీ ఇంట్లో చక్రాల కుర్చీ ఉంటే ఈ రాత్రికే టేపు తీయండి. కొలతలు ఆ కుర్చీలో కూర్చునే మనిషి చేతే రాయించండి.