స్పంజికల వంశకథ

పలకలు తుడుచుటకును, పాత్రలు తోముటకును నేడు వాడుచున్న స్పాంజి చాలవరకు కర్మాగారములలో తయారగుచున్నది. కాని ఆ పేరు మొదట దానిది కాదు. సముద్రములో రాళ్ళను అంటిపెట్టుకొని జీవించు ఒక ప్రాణి చనిపోయిన పిమ్మట మిగులు మెత్తని నారగూడును పూర్వము స్పాంజి యని వాడుచుండిరి. ఆ ప్రాణినే స్పంజిక యందురు.

స్పంజిక చూపునకు మొక్కవలె నుండును. పుట్టిన కొలదికాలమునకే ఒకచోట నాటుకొని, ఆపై అచ్చటనే పెరుగును. కొన్ని కొమ్మలు వేయును. కొన్ని గిన్నెలవలెను, కొన్ని విసనకఱ్ఱలవలెను ఉండును. దానికి తల లేదు, కడుపు లేదు, నరములు లేవు. ఇట్టిదానిని జంతువనుట ఎట్లు? గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ దీనిని గూర్చి వ్రాయుచు, ఇది జంతువులకును మొక్కలకును నడుమ నున్నట్లు తలంచెను. ప్రాణికోటిని తరగతులుగా విభజించిన స్వీడను దేశీయుడు లిన్నేయసు మొదట దీనిని నాచులతో చేర్చెను. పిదప తన అభిప్రాయమును మార్చుకొని జంతువులవైపు చేర్చెను. మహాపండితులకే సంశయము కలిగినచోట వాదము చాలదు, పరిశీలన కావలెను.

1765లో జాన్ ఎల్లిస్ అను ఆంగ్లేయుడు స్పంజిక రంధ్రములయందు నీరు కదలుటను గమనించెను. తరువాత అరువది యేండ్లకు, స్కాట్లండులోని ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించిన రాబర్టు గ్రాంటు ఆ రహస్యమును ఛేదింప బూనెను. సమీప సముద్రతీరమునుండి సజీవమగు స్పంజికలను తెచ్చి, చిన్న గాజుపళ్ళెరములో సముద్రజలము పోసి, ఒక ముక్కను అందుంచి, సూక్ష్మదర్శినిలో చూడసాగెను. పెద్ద రంధ్రమునుండి నీరు ఊటవలె వెలికి చిమ్ముచుండెను. దానితో మలినపు తునకలు కొట్టుకొని వచ్చుచుండెను. కన్నులు అలసిపోవువరకు చూచినను ఆ ప్రవాహము ఒక్కమారైనను దిక్కు మార్చలేదు. మరి నీరు లోనికి పోవుట ఎట్లు? దేహమంతట నున్న సూక్ష్మరంధ్రముల గుండ లోనికి పోయి, పెద్ద రంధ్రముల గుండ వెలికి వచ్చుచున్నదని ఆయన నిరూపించెను. రంధ్రములను ధరించునవి యను అర్థముగల పొరిఫెరా యను పేరును 1836లో ఆయనయే ఈ జీవులకు పెట్టెను. విద్యార్థిగా నున్న చార్లెస్ డార్విను ఎడింబరోలో ఆయన వెంట తిరిగి సముద్రజీవులను సేకరించెడివాడు.

ఈ నీటిని నడిపించునది గుండె కాదు, కండరము కాదు. లోపలి గదులలో లెక్కకు మిక్కిలి కణములు కలవు. ఒక్కొక్క కణమునకు కొరడావంటి తోక యొకటియు, దాని చుట్టును మెడపట్టీవంటి వలయ మొకటియు నుండును. కొరడాల విదలింపుచే నీరు ప్రవహించును. పట్టీలు ఆహారపు రేణువులను పట్టుకొనును. సుమారు 10 సెంటీమీటర్ల యెత్తుగల ల్యూకోనియా యను స్పంజిక ఒక్క దినములో 22 లీటర్లకు పైగా నీటిని వడగట్టునని లెక్కించిరి.

జంతువని తేలిన పిమ్మట వేరొక చిక్కు వచ్చెను. ఇన్ని స్పంజికలలో ఏది దేనికి బంధువు? ఆకారమును నమ్ముటకు వీలులేదు. ఒకే జాతి స్పంజిక నిశ్చలజలమున నిటారుగా ఎదుగును. అలలు మోదుచోట రాతిపై పలుచగా పరచుకొనును. కావున శాస్త్రజ్ఞులు దేహములోపలి కంటకములను పరిశీలించిరి. ఇవి ఇంటికి దూలములవలె స్పంజికకు ఆధారమిచ్చు సన్నని ముండ్లు. కొన్నిటి కంటకములు సున్నపురాతి పదార్థముతో ఏర్పడినవి. ఆమ్లము తగిలినచో అవి నురుగెత్తి కరగిపోవును. కొన్నిటివి గాజునకు మూలమగు సిలికాతో ఏర్పడినవి. సామాన్యమైన ఆమ్లములకు అవి కరగవు.

ఇంతవరకు గుర్తింపబడిన స్పంజికలు తొమ్మిదివేల జాతులకు పైగా కలవు. వీనిని నాలుగు తరగతులుగా విభజించిరి. సున్నపు కంటకములు గలవి కాల్కేరియా. ఆరు కొనలుగల సిలికా కంటకములు గలవి హెక్సాక్టినెల్లిడా. ఇవి ఎక్కువగా లోతైన సముద్రములలో నుండు గాజు స్పంజికలు. మూడవది డెమోస్పాంజియే; అయిదింట నాలుగు వంతులకు మించిన జాతులు ఇందులోనివే. స్నానమునకు వాడు స్పంజికయు ఇందులోనిదే. దానికి కంటకములు లేవు, నారయే ఆధారము. నాలుగవది హోమోస్క్లిరోమార్ఫా. చిరకాలము మూడవ తరగతిలో భాగముగా నెంచబడిన ఈ చిన్న గుంపు, జన్యువుల సాక్ష్యముచే 2012లో ప్రత్యేక తరగతిగా వేరుచేయబడినది.

1995లో మరియొక వింత వెల్లడియైనది. మధ్యధరా సముద్రపు గుహలో నీటికాలువలే లేని స్పంజిక యొకటి కానవచ్చెను. అది కొంకులవంటి కంటకములతో రొయ్యజాతి చిన్నజీవులను పట్టి తినుచుండెను. రంధ్రముల ప్రవాహమే లేనిది స్పంజిక యగునా? అగును. దాని కంటకములు దాని బంధువులను తెలుపుచున్నవి. పూర్వులకుండిన గుణమును సంతతి కోల్పోవచ్చును. అంతమాత్రమున వంశము మారదు.

ఇక ఈ వంశమునకు మూలమేది? మెడపట్టీయు కొరడాయు గల ఏకకణజీవులు నీటిలో విడిగా జీవించుచున్నవి. స్పంజిక కణములతో వాని పోలికను హెన్రీ జేమ్స్ క్లార్క్ 1860 దశకమున గుర్తించెను. ఆ ఏకకణజీవులు జంతువులకు మిక్కిలి దగ్గరి బంధువులని నేటి జన్యుపరిశోధనలు తెలుపుచున్నవి. 2010లో ఆస్ట్రేలియా తీరపు పగడపు దిబ్బలలోని స్పంజిక యొక్క జన్యుసంపుటిని ప్రకటించిరి. నరములే లేని ఆ జీవియందు, ఇతర జంతువులలో నరముల నిర్మాణమునకు ఉపకరించు పెక్కు జన్యువులు కానవచ్చెను!

జంతు వంశవృక్షమున మొట్టమొదట చీలిన కొమ్మ స్పంజికలదే యని చాలకాలము చెప్పుచుండిరి. 2008 నుండి కొందరు ఆ స్థానము దువ్వెన జెల్లీలది యనుచున్నారు. 2023లో క్రోమోజోముల అమరికను పోల్చిన పరిశోధన దువ్వెన జెల్లీల పక్షమునకు బలమిచ్చెను. అయినను అందరు నంగీకరింపలేదు. వ్యాజ్యము ఇంకను తీరలేదు.

తన పొరపాటును దిద్దుకొనుటవలన లిన్నేయసు గౌరవమునకు లోటు రాలేదు. ఒకనాడు నాచనుకొన్న జీవి జంతువంశపు వేళ్ళయొద్ద నిలిచినది. రేపటి సాక్ష్యము దాని స్థానమును మరల మార్చినను మార్చవచ్చును. పై రూపమును చూచి తీర్పు చెప్పక, సాక్ష్యము వచ్చినపుడు తీర్పును దిద్దుకొనుటయే శాస్త్రమార్గము.

ప్రశ్నలు

1. స్పంజిక మొక్క కాదని గ్రాంటు ఎట్లు నిరూపించెను?
2. స్పంజికలను విభజించుటకు ఆకారముకంటె కంటకములు నమ్మదగినవగుటకు కారణమేమి?
3. నీటికాలువలు లేని స్పంజికను గూడ స్పంజికగనే ఎంచుట ఏల?