తీగ కాస్త పైకి జరిగితే పాత గుండెపోటు!

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. కంటి ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీస్తే కాగితం మీద ‘సెప్టల్ ఇన్‌ఫార్క్ట్, ఏజ్ అన్‌డిటర్మిన్డ్’ అని వచ్చింది. ఎప్పుడో గుండెపోటు వచ్చిపోయిన గుర్తట! మర్నాడు ఇంకోచోట తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ఆ వాక్యం రాసింది డాక్టరు కాదు, మెషీన్. ఏ ఎలక్ట్రోడు ఎక్కడ అంటించారో దానికి తెలియదు. అన్నీ చెప్పిన చోటే ఉన్నాయనుకుని గీతలు కొలుస్తుంది.

గొడవంతా సాధారణంగా ఛాతీ మీద అంటించే వీ1, వీ2 ఎలక్ట్రోడ్ల దగ్గరే. అవి రొమ్ము ఎముకకు చెరోపక్క, నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. దాన్ని కంటి అంచనాతో పట్టుకోలేం. గొంతు కింది గుంట నుంచి వేలు కిందికి జారిస్తే ఎముక మీద చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక, ఆ కింద రెండో సందు. అక్కడి నుంచి మరో రెండు సందులు దిగాలి. బయట పదిమంది వరసలో ఉన్నప్పుడు ఇంత ఓపిగ్గా వేళ్లతో లెక్కపెట్టేదెవరు? అందుకే ఎలక్ట్రోడ్లు తరచూ ఒకటి రెండు సందులు పైకి పోతాయి. అలా పోతే ఆ రెండింటి గీతల్లో మొదట కనిపించాల్సిన బుల్లి ‘ఆర్’ అల మాయమైపోవచ్చు, ‘టీ’ అల తలకిందులు కావచ్చు. మెషీన్ కళ్లకు అది అచ్చం పాత గుండెపోటే. ఆడవాళ్ల విషయంలో మొహమాటం కూడా తోడవుతుంది. జాకెట్టు కొంచెమే వదులు చేసి, అందినచోట అంటించేస్తారు.

అలాగని రెండో రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండమనీ కాదు. షుగరున్నవారికి నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. రెండు ఈసీజీలూ పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించాలి. అవసరమనుకుంటే ఆయన ఎకో తీయించి, గుండె గోడ కదలిక సరిగ్గా ఉందో లేదో చూస్తారు.

ప్రశ్న: ఒంటికి పెట్టినవి పది తీగలే. రిపోర్టులో పన్నెండు లీడ్లు ఎలా వచ్చాయి?

జవాబు: లీడ్ అంటే తీగ కాదు, గుండె కరెంటును ఒక దిక్కు నుంచి చూసే చూపు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఈసీజీ తీసే రోజుల్లో రోగి రెండు చేతులూ ఎడమకాలూ ఉప్పునీళ్ల జాడీల్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ మూడు చోట్లను కలిపి ఆయన సమబాహు త్రిభుజం గీశారు. మూడు భుజాలు మూడు లీడ్లు. 1934లో విల్సన్ ఆ మూడు తీగలనూ ఒకచోట ముడివేసి కొలతకు ఆధారం చేశారు. దాంతో ఛాతీ మీది ఆరు లీడ్లకు దారి దొరికింది. 1942లో గోల్డ్‌బర్గర్ చేతులు, కాలి తీగల నుంచే ఇంకో మూడు రాబట్టారు. మొత్తం పన్నెండు. కుడికాలి తీగ ఇంట్లో ఎర్తు లాంటిది, దానికంటూ లీడ్ లేదు.

ఐంథోవెన్ బొమ్మలో దేహమంతా కరెంటును ఒకేలా మోస్తుంది, గుండె సరిగ్గా నడిమధ్యన బుల్లి బ్యాటరీలా కూర్చుంటుంది. నిజం అలా లేదు. గుండె ఎడమకు ఒరిగి ఉంటుంది, గాలి నిండిన ఊపిరితిత్తి రక్తంలా కరెంటును పోనివ్వదు. 1940ల్లో బర్గర్, వాన్ మిలాన్ అనే డచ్ పరిశోధకులు మొండెం ఆకారంలో ఒక బొమ్మ చేసి, అందులో మైలుతుత్తం నీళ్లు పోశారు. తర్వాత వెన్నెముక బదులు బెండు, ఊపిరితిత్తుల బదులు ఇసుక సంచులు పెట్టారు. కొలిచి చూస్తే తేలింది మూడు భుజాలూ మూడు రకాలుగా ఉన్న వంకర త్రిభుజం! అయినా వార్డుల్లో నేటికీ నడుస్తున్నది పాత త్రిభుజమే, గీయడం తేలిక కాబట్టి. పైగా ఒకటో లీడూ మూడో లీడూ కలిపితే రెండోది వస్తుందన్న ఐంథోవెన్ సూత్రం, త్రిభుజం ఎంత వంకరపోయినా చెక్కుచెదరదు.

ప్రశ్న: చేతి గడియారంలో ఈసీజీ వస్తోంది కదా, ఆసుపత్రికి వెళ్లడం ఎందుకు?

జవాబు: ఎడమచేతికి కట్టుకుని కుడిచేతి వేలు ఆనిస్తే వచ్చేది ఒకటో లీడ్ ఒక్కటే, అంటే త్రిభుజంలో ఒక్క భుజం. గుండె లయ తప్పితే అది పట్టుకోవచ్చు. ఛాతీలో బరువు, చెమటలు మొదలైతే మాత్రం గడియారం ఏం చూపినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.