కాస్టిక్ సోడా, హైడ్రోసు: అద్దకపు ఇళ్ళలో తెలిసి ఉండవలసిన సంగతులు

వ్యాట్ రంగులు పక్కా రంగులని మనమందరము ఎరుగుదుము. అయితే ఆ రంగు ఉన్నదున్నట్లుగా నీళ్ళలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోసు రెండును కలిసి దానిని కరిగించి నూలుకు పట్టించవలెను. పిదప గాలి సోకగా అది పోగులో నిలిచిపోవును. కనుక షోలాపురములో గాని, సేలములో గాని, బరంపురములో గాని ఇంటివద్ద వ్యాట్ రంగులతో చిలపలు అద్దుకొనే కుటుంబాలకు ఈ రెండు డబ్బాలూ తప్పవు. అవి ప్రక్కప్రక్కనే ఉండుటవలన రెండింటి స్వభావమూ ఒకటే అనుకొనుట సహజము. కాని నీళ్ళ విషయములో రెండింటికీ చాలా భేదమున్నది. అది తెలియకపోతే కన్ను పోవచ్చును, ఇల్లు కాలవచ్చును.

ముందు కాస్టిక్ సంగతి. మన పెద్దలు తేలియా రుమాళ్ళ నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిద నీళ్ళతోను సిద్ధము చేసేవారు. ఆ బూడిద నీరు కూడా క్షారమే. కాస్టిక్ దానికంటె ఎన్నో రెట్లు తీవ్రమైనది. వేళ్ళు ముంచి జారుడు చూచి బలము నిర్ణయించే అలవాటు ఇంకా కొందరికి ఉన్నది. ఆ జారుడు సబ్బు జారుడే. ఆ సబ్బు తయారగునది మాత్రము మన చర్మములోని కొవ్వుతో! ఆమ్లము పడితే వెంటనే చురుక్కుమనును. కాస్టిక్ అట్లు కాదు. మొదట పెద్దగా నొప్పి తెలియకుండా లోపలికి దిగుచునే పోవును. "ఈ నాలుగు చిలపలూ అయిన తర్వాత కడుగుకొందాము" అనుకొనేవారికి పుండు లోతుగా పడుట అందువల్లనే.

కలుపునప్పుడు నీళ్ళు ముందు, కాస్టిక్ తర్వాత. రేకుల మీద నీళ్ళు పోయనేరాదు. కుతకుత ఉడికి మొగముమీదికి చిమ్మును. 5 లీటర్ల చన్నీళ్ళలో కిలో రేకులు ఒక్కసారి వేస్తే, పొయ్యి లేకుండానే చేయి పెట్టలేనంత వేడెక్కును. కొద్దికొద్దిగా వేయుచు, పొడుగాటి కర్రతో కలుపుచుండవలెను. పాత్ర ఇనుముదో స్టీలుదో కావలెను. సిల్వర్ గిన్నె, జస్తా పూత గల బకెట్టు పనికిరావు. కాస్టిక్ వాటిని తినివేయుచు హైడ్రోజను వాయువు పుట్టించును. ప్రక్కన పొయ్యి మండుచుంటే అది భగ్గుమనును. చేతులకు మోచేతివరకు రబ్బరు తొడుగులు, కళ్ళకు ప్రక్కలు మూసిన అద్దాలు ఉండవలెను. అద్దాల వెల ఒక చీర కూలిలో ఎన్నో వంతో మీరే లెక్క వేసికొనుడు.

కంటిలో చుక్క పడినదా, ఆ క్షణముననే నీళ్ళు. ఆస్పత్రికి బయలుదేరుట తరువాతి మాట. మనిషిని పడుకోబెట్టి, తల ఒక ప్రక్కకు వంచి, రెప్పలు వ్రేళ్ళతో విడదీసి పట్టుకొని, ముక్కు వైపునుండి చెవి వైపుకు శుభ్రమైన నీటిని సన్నధారగా పోయవలెను. అట్లయితే రెండవ కంటిలోనికి పోదు. అతడు వద్దన్నను, మంట తగ్గినదన్నను, 30 నిమిషాలు ఆపరాదు. బండిలో పోవునప్పుడు కూడా పోయుచునే ఉండవలెను. చంటిబిడ్డ పాలు, ఆముదము, పసుపు ఏవీ వద్దు. పులుపు క్షారానికి విరుగుడు కదా అని నిమ్మరసము పిండేవారున్నారు. విరుగుడు మాట నిజమే గాని, ఆ రెండూ కలియునప్పుడు మరల వేడి పుట్టును. ఒంటిమీద పడితే తడిసిన పంచె, రవిక, చెప్పులు వెంటనే తీసివేయవలెను. అవి కాస్టిక్‌ను చర్మానికి అంటిపెట్టి ఉంచును. పొడి రేకులు దులిపి, ధారగా నీళ్ళు పోయవలెను.

కరిగించిన కాస్టిక్‌ను కూల్‌డ్రింకు సీసాలలో పోసి ఉంచుట మహా దోషము. పిల్లలు త్రాగుదురు. త్రాగితే నోరు కడిగించి వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. వాంతి చేయించరాదు, దిగునప్పుడు కాల్చిన అన్నవాహికను ఎక్కునప్పుడు మరల కాల్చును. బ్రతికిన బిడ్డకు కూడా ఆ గొట్టము ముడుచుకొనిపోయి, ఏండ్ల తరబడి ముద్ద దిగక బాధపడవచ్చును.

ఇక హైడ్రోసు. దీనికి కొంచెము తడియే శత్రువు. తడి గరిటె పెట్టినా, వానాకాలములో కప్పు కారి నాలుగు చుక్కలు పడినా, డబ్బాలో తనంత తానే వేడెక్కి పొగలు క్రక్కి మండును. ఆ పొగలో అగ్గిపుల్ల గీచినప్పటి ఘాటైన గంధకపు వాయువు ఉండును. ఉబ్బసము గలవారికి అది ప్రాణాపాయము. ఆ మంట మీద గోనె కప్పినా, ఇసుక పోసినా ఆరదు. ఏలననగా దానికి బయటి గాలి అవసరము లేదు. చెంబెడు నీళ్ళు చిలకరిస్తే ఇంకా రేగును. గొట్టముతో దూరమునుండి వరదవలె ముంచివేస్తేనే చల్లారును. అంత నీరు లేకపోతే ఇంటిల్లిపాదీ గాలి వచ్చే దిక్కుకు బయటికి పోయి 101కి చెప్పవలెను. మగ్గము, పడుగు అని లోపలికి పరుగెత్తరాదు. పొగ పీల్చినవారికి ఆయాసము కొంత ఆలస్యముగా రావచ్చును గనుక వైద్యునికి చూపవలెను.

కనుక హైడ్రోసును పొడి గరిటెతో తీసి, వెంటనే మూత బిగించి, నేలకు ఎత్తుగా పలక మీద ఉంచవలెను. తీసినది మిగిలితే మరల డబ్బాలో పోయరాదు. బ్లీచింగ్ పౌడరు, నైట్రైటు, ఆమ్లములు దాని దరిదాపుల ఉండరాదు. కాస్టిక్ కూడా వేరే మూలనే.

మనము పరరాష్ట్రాలలో ఉన్నవారము. డబ్బాల మీద ఇంగ్లీషులోనో, ఆ ప్రాంతపు లిపిలోనో వ్రాసి ఉండును. ఇంటి అమ్మలు అది చదువలేకపోవచ్చును. పెద్ద అక్షరాలతో తెలుగులోను, కూలికి వచ్చేవారి భాషలోను పేరు వ్రాసి అంటించుడు. 108 బండి మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు, ఒడిశాలలోను, యానాములోను వచ్చును. వైద్యునితో "కాస్టిక్" అన్న ఒక్క మాట చాలు, ఏ భాషవారికైనను తెలియును. డబ్బా మీది చీటీ కూడా వెంట తీసికొనిపోవుడు.