గరిటెతో కొలవని ప్రేమ



యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన వృత్తాంతం మార్కు సువార్త 5వ అధ్యాయంలో ఉంది. బాలిక లేచి నడిచింది. వెంటనే ప్రభువు, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని ఇంటివారితో చెప్పారు. స్వస్థత తాను ఇచ్చారు, ఆ తరువాతి భోజనాన్ని ఇంటివారికి అప్పగించారు. స్థూలకాయం తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్నవారు నేడు మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల విచారణలలో కూడా ఉన్నారు. డాక్టరు పని కొన్ని గంటలలో ముగుస్తుంది. ఇంటివారి పని అప్పుడే మొదలవుతుంది.

ఆపరేషన్ చేసే పని

1966లో అమెరికాలోని అయోవాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ ఆరంభించిన బైపాస్ పద్ధతిలో జీర్ణకోశం పైభాగాన సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచి చేసి, దానిని చిన్నప్రేగుకు కలుపుతారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశాన్ని ముప్పాతిక వంతు తీసివేసి, అరటిపండు ఆకారంలో గొట్టంగా మిగుల్చుతారు.

మొదటి వారాలలో మజ్జిగ, పప్పుకట్టు, పలుచని జావ వంటివే. తరువాత మెత్తగా మెదిపినవి. డాక్టరు చెప్పిన క్రమంలో మామూలు భోజనానికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అప్పుడు కూడా జొన్నరొట్టె, అన్నం ముద్ద, మాంసం ముక్క బాగా నమలకుండా మింగితే అడ్డుపడి వాంతి అవుతుంది. తింటూ నీళ్లు తాగరాదు. అరగంట ఆగి, గుక్క గుక్కగా తాగాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేవి సుమారు 6 గ్రాములే. కనుక గుడ్డు, పప్పు, పెరుగు, చేప ముందు తిని, అన్నం తరువాత తినాలి. తీపి ఎక్కువైతే, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, చెమటలు, గుండెదడ, విరేచనాలు వస్తాయి. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం డాక్టరు చెప్పినట్లు వాడాలి. సారా, కల్లు త్వరగా తలకెక్కుతాయి, కొత్త వ్యసనంగా మారే ప్రమాదమూ ఉంది. వాంతులు ఆగకపోతే ఇంట్లో కూర్చోక ఆస్పత్రికి వెళ్లాలి.

కత్తి చేరని చోటు

స్థూలకాయాన్ని చూసి తిండిబోతుతనమని తీర్పు చెప్పరాదు. వంశపారంపర్యం, గ్రంథుల లోపాలు, కొన్ని మందులు కూడా దానికి కారణాలు. తిండిబోతుతనాన్ని గురించి పునీత తోమాసు అక్వినాసు, పునీత గ్రెగోరీ జగద్గురువుల బోధననుసరించి ఐదు రూపాలు చెప్పారు: వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కోరడం, అతిగా తినడం, ఆత్రంగా తినడం, రుచుల కోసం పట్టుబట్టడం. డాక్టరు కత్తి అడ్డుకునేది మూడవదానిని మాత్రమే. మిగిలిన నాలుగూ సన్నగా ఉన్నవారిలో కూడా ఉండవచ్చు. వాటికి మందు నిగ్రహమనే సుగుణం, అది రోజూ అభ్యసిస్తేనే అలవడుతుంది. దుఃఖం వచ్చినా, విసుగు వచ్చినా తిండివైపు చేయి చాపే అలవాటు ఆపరేషన్ తరువాత కూడా మిగలవచ్చు. అటువంటివారికి మందలింపుకంటే మాట్లాడే తోడు అవసరం.

అరిస్టాటిల్ చెప్పిన మాట ఒకటుంది. మిలో అనే మల్లయోధునికి చాలని భోజనం, కసరత్తు కొత్తగా మొదలుపెట్టినవానికి ఎక్కువవుతుంది. మితం అందరికీ ఒకే కొలత కాదు. మీ పళ్లెంతో మరొకరి పళ్లెాన్ని కొలవకండి.

బంధువుల బలవంతం

మన ప్రాంతంలో ప్రేమ గరిటెలో ఉంటుంది. క్రిస్మస్ నాడు, పెండ్లిలో, "గింతేనా బిడ్డా? ఇంకింత పెట్టుకో," "మా ఇంట్ల తినవా?" అంటాము. ఆపరేషన్ అయినవారికి ఆ మాట పరీక్ష. తింటే బాధ, తినకపోతే నింద. కొందరు అందుకే విందులకే రావడం మానేస్తారు. మన ఆదరణ ఒక మనిషిని మన మధ్యనుంచి దూరం చేస్తే అది ఆదరణ అవుతుందా? రెండు చెంచాలు పెట్టి, పక్కన కూర్చుని, వారు నెమ్మదిగా నమిలేంతసేపు మాట్లాడండి. వారికి కావలసింది అదే.

దేవాలయంలో

ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి, 60వ ఏడు ప్రవేశించేవరకు ఉన్నా, రోగులను అది బంధించదు. వీరు తపస్కాలంలో ప్రార్థన, దానధర్మాలు చేయవచ్చు. దివ్యసత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినరాదన్న నియమం కూడా రోగులకు, వారిని చూసుకునేవారికి సడలించబడింది. మింగడం కష్టమైతే చిన్న తునక ఇమ్మని గురువును అడగండి. ఆ తునకలో కూడా క్రీస్తు సంపూర్ణంగా ఉన్నారు. కొంచెం అంటే తక్కువ కాదని శ్రీసభ ప్రతి పూజలో నేర్పుతోంది.

ఈ వారం కుటుంబంలో

1. భోజనవేళ టీవీ, ఫోను పక్కనపెట్టి అందరూ నెమ్మదిగా తినండి.

2. ఎవరి బరువు గురించీ, పళ్లెం గురించీ వ్యాఖ్యానించకండి.

3. వడ్డించేముందు "ఎంత పెట్టమంటావు?" అని అడగండి. చెప్పినంతే పెట్టండి.

యాయీరు ఇంట ఆ పూట ఏమి వడ్డించారో, ఎంత వడ్డించారో సువార్తికుడు వ్రాయలేదు. ఆ బిడ్డకు ఏది సరిపోతుందో కన్నవారికి తెలుసునని ప్రభువు నమ్మారు. మన ఇండ్లను కూడా ఆయన అలాగే నమ్ముతున్నారు.