బోధింప వెళ్లువాడు మొదట నేర్చుకొనవలెను

పఠనభాగము: 1 కొరింథీయులకు 14:6–12

ప్రియులారా, సెలవు దినములలో పరదేశమునకు పోయి, లేక పరదేశమునుండి మన పల్లెలకు వచ్చి, బీదపిల్లలకు జీతము లేకుండ చదువు చెప్పవలెనని కోరు యౌవనస్థులు నేడు అనేకులున్నారు. మన నరసన్నపేట కుటుంబములలోను అట్టివారుందురు. కోరిక మంచిదే. అయితే మేలు పొందునది ఎవరు? వెళ్లినవాడా, బడిలో కూర్చున్న బిడ్డయా? ఈ మాసము మనము దీనిని ఆలోచింతము.

1. భాష. మాట అర్థము కానప్పుడు పలుకువాడును వినువాడును ఒకరికొకరు పరదేశులగుదురని పౌలు ఈ భాగములో చెప్పుచున్నాడు. సంఘమునకు వ్రాసిన ఈ మాట బడికిని చెల్లును. మనకు సమీపముననే, శ్రీముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. చుట్టుపట్ల కొండలలోని సవరల బిడ్డలకు చదువు చెప్పవలెనని ఆయన తలంచిరి. వారిది తెలుగు కాదు. గనుక ఆయన ముందుగా ఆ భాష నేర్చుకొని, అందులోనే వాచకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టించిరి. ఆయన క్రైస్తవుడు కాకపోయినను, ఈ పాఠము మనము ఆయనయొద్ద నేర్చుకొనదగినది.

2. నిలకడ. ఆయన వ్రాసిన సవర భాషా వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బది యేండ్లు. కెనడా దేశపు బాప్తిస్టు మిషనరీలు 1875లో మన ఉత్తరతీరమునకు వచ్చిరి. వారిలో మటిల్డా చర్చిల్ దొరసానిగారు బొబ్బిలిలో బాలికల బడి పెట్టి, అనేక సంవత్సరములు అక్కడనే కాపురముండిరి. మూడు వారములకు వచ్చినవాడు పిల్లల పేర్లు నేర్చుకొనులోగానే తిరుగు ప్రయాణమగును. కొత్త మాస్టరుగారిని ప్రేమించిన బిడ్డ మరల ఒంటరియగును.

3. తరువాతి దినము. సవర పుస్తకములకు ప్రభుత్వమువారు పారితోషికమియ్యబోగా, రామమూర్తిగారు పుచ్చుకొనక, ఆ సొమ్ముతో సవర బడి నడుపుడని కోరిరి. తాను లేనప్పుడును బడి నిలువవలెననియే ఆయన చింత. గనుక కొద్ది దినములే ఉండగలవాడు ఊరి ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండరాదు, ఆయన ప్రక్కన నిలువవలెను. ఆయన అడిగిన సాయము చేయుట, ఆయనకు కావలసిన పుస్తకములు సమకూర్చుట, తన భాషను పిల్లలతో కలిసి మాటలాడుట—ఇవి చిన్న పనులే, గాని నిలుచు పనులు.

కాబట్టి బయలుదేరు బిడ్డను తలిదండ్రులు ప్రయాణపు ఖర్చు మాత్రమే అడుగక, ఈ ప్రశ్నలు కూడ అడుగవలెను.

ఆలోచనకు:
(1) నిన్ను రమ్మని ఆ ఊరివారు అడిగిరా?
(2) వారి భాష ఎంత నేర్చుకొంటివి?
(3) నీవు వచ్చివేసిన మరునాడు ఆ తరగతికి పాఠము చెప్పువారెవరు?

మూడవ ప్రశ్నకు ఒక మనుష్యుని పేరు చెప్పగలవాడు సంతోషముతో వెళ్లవచ్చును. చెప్పలేనివాడు ఆ పేరు దొరకువరకు ఆగుట మేలు.