కదిరి నరసింహుడి పక్కన ప్రహ్లాదుడు: కష్టంలో దేవుణ్ణి నమ్మడం అంటే ఏంటి?

నరసింహావతారం గురించి మనం మాట్లాడుకున్నప్పుడల్లా స్తంభం దగ్గరే ఆగిపోతాం. స్తంభం పగిలింది, స్వామి వచ్చాడు, రాక్షసుడు చచ్చాడు, కథ అయిపోయింది. ఈరోజు స్తంభానికి ముందూ, తర్వాతా ఏం జరిగిందో చూద్దాం. కష్టాల్లో ఉన్నవాళ్లకి కావాల్సింది అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

మా అవ్వది గాండ్లపెంట. కదిరికి దగ్గరే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కూడా ఆ మండలంలోనే ఉంది. కదిరి అంటే మనలో చాలామందికి 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’లో పవన్ కళ్యాణ్ పాడిన కాటమరాయుడి పాట గుర్తొస్తుంది. ఆ పాటలోని దేవుడు ఉండేది ఈ ఊళ్లోనే. ఖదిర అంటే చండ్ర చెట్టు. ఆ చెట్టు పేరు మీదే ఖాద్రి అనీ, కదిరి అనీ పేరొచ్చిందంటారు. ఫాల్గుణ పున్నమిని మా వైపు కదిరి పున్నమి అంటారు. బ్రహ్మోత్సవాల్లో రథం కదిలినప్పుడు జనం దాని మీదకి దవనం, మిరియాలు చల్లుతారు. ముస్లింలు కూడా ఈ స్వామి దగ్గరకి వస్తారు.

గర్భగుడిలో స్వామి పక్కనే ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పోయినేడాది నా ఉద్యోగం పోయినప్పుడు మాత్రం ఆ పిల్లాణ్ణి చాలాసేపు చూశాను. అప్పటికి ఏడు వారాలు మొక్కుకున్నాను. ఒక్క ఇంటర్వ్యూ కాల్ రాలేదు. మనం చేసే పని అలవాటు కదా, భక్తిని కూడా ఏపీఐ లాగే చూశాను: రిక్వెస్ట్ పంపాను, రెస్పాన్స్ రావాలి. రాకపోతే ఒకటి సర్వర్ లేదు, లేకపోతే నా రిక్వెస్ట్‌లో తప్పుంది. ఈ రెండే ఆప్షన్లు అనుకున్నా.

ఇంటికొచ్చి భాగవతం సప్తమ స్కంధం తీశాను. సినిమాల్లో చూసిందానికీ, అక్కడ ఉన్నదానికీ తేడా ఉంది.

మొదటిది, ప్రహ్లాదుడి నమ్మకం ఒక్కరోజులో వచ్చింది కాదు. తండ్రి తపస్సుకి వెళ్లినప్పుడు ఇంద్రుడు గర్భవతిగా ఉన్న అతని తల్లిని పట్టుకెళ్తుంటే, నారదుడు అడ్డుపడి తన ఆశ్రమంలో ఉంచుకున్నాడు. అక్కడ విన్నదే బిడ్డకి గుర్తుండిపోయింది. అంటే ఇతని భక్తి మొదలైందే ఇంట్లో పెద్ద కష్టం వచ్చినప్పుడు. తర్వాత తండ్రి “ఏం నేర్చుకున్నావురా” అని అడిగితే తొమ్మిది రకాల భక్తి చెప్పాడు. శ్రవణంతో మొదలై ఆత్మనివేదనంతో ముగుస్తుంది ఆ లిస్టు. తనని తాను పూర్తిగా అప్పగించేయడం అనేది చివర్లో ఉంది, గమనించండి. మనం మాత్రం మొదటి కష్టానికే దాన్ని ఎక్స్‌పెక్ట్ చేస్తాం, రాకపోతే “నాకు భక్తి లేదేమో” అని బాధపడతాం. వినడం దగ్గర ఉన్నవాళ్లు వినడం దగ్గర ఉండొచ్చు. తప్పేం లేదు.

రెండోది నాకు బాగా తగిలింది. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, విషం పెట్టారు, కొండ మీద నుంచి తోశారు, అన్నం పెట్టలేదు, మంటల్లో, నీళ్లల్లో వేశారు. ఇంత జరుగుతున్నా స్వామి కనపడలేదు. ప్రహ్లాదుడు బతికాడు గానీ, ఎవరూ వచ్చి ఎత్తుకోలేదు. ఇదంతా అయ్యాక ఏం జరిగిందో తెలుసా? మళ్లీ బడికి పంపారు! అదే చండామార్కుల దగ్గరకి, అవే పాఠాలకి. గురువులు లేనప్పుడు తోటి పిల్లలు ఆటలకి పిలిస్తే, వాళ్లని కూర్చోబెట్టి తనకి తెలిసింది చెప్పాడు. స్తంభం ఆ తర్వాత. నిజ జీవితంలో కష్టం ఇలాగే ఉంటుంది. హాస్పిటల్లో రాత్రంతా కూర్చుని, పొద్దున తొమ్మిదికి స్టాండప్ కాల్‌కి జాయిన్ అయినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇంత గట్టిగా అందరూ ఉండలేరు కదా అంటారా? అందుకే అష్టమ స్కంధంలో గజేంద్రుడు ఉన్నాడు. వెయ్యేళ్లు తన బలంతోనే పోరాడి, ఓపిక అయిపోయాకే దేవుణ్ణి పిలిచాడు. పోతన గారి గజేంద్రుడైతే ఆ పిలుపు మధ్యలో, ఉన్నాడంటున్నారే, అసలు ఉన్నాడా లేడా అని అనుమానపడతాడు కూడా. ఆ అనుమానం విని విష్ణువు వెనక్కి వెళ్లిపోలేదు. నాకైతే ప్రహ్లాదుడి కన్నా గజేంద్రుడే దగ్గరివాడు అనిపిస్తాడు.

బెంగళూరులో నా రూమ్మేట్ క్రిస్టియన్. ఆ రోజుల్లోనే నేను ఇదంతా చెప్తే, అతను బైబిల్లో యోబు గ్రంథం చదవమని ఇచ్చాడు. యోబు మంచివాడు. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు స్నేహితులొచ్చి “నువ్వేదో పాపం చేసుంటావు” అని వాదిస్తారు. మన దగ్గర “పూర్వజన్మ కర్మ” అనే చుట్టాలు లేరా, అచ్చం అలాగే! యోబు ఒప్పుకోడు, దేవుణ్ణే నిలదీస్తాడు. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు, కానీ కష్టం ఎందుకొచ్చిందో చెప్పడు. కోపం మాత్రం స్నేహితుల మీద చూపిస్తాడు, నిలదీసిన యోబు మీద కాదు. ఆ స్నేహితుల కోసం యోబు ప్రార్థన చేస్తాడు. మన సిద్ధాంతం, వాళ్ల సిద్ధాంతం ఒకటే అని నేను అనట్లేదు. కానీ ఈ చివరి సీన్ చదవగానే నేను మళ్లీ సప్తమ స్కంధం తెరిచాను.

ఎందుకంటే స్తంభం తర్వాత జరిగింది కూడా ఇలాంటిదే. ఉగ్రరూపం చూసి లక్ష్మీదేవే దగ్గరకి వెళ్లలేకపోతే, బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. స్వామి వరం కోరుకోమన్నాడు. దేవుణ్ణి కొలిచి దానికి బదులు కోరికలు అడిగేవాడు సేవకుడు కాదు, వ్యాపారి అన్నాడు ప్రహ్లాదుడు. ఏడు వారాల మొక్కు మొక్కినవాడికి ఈ మాట ఎలా గుచ్చుకుంటుందో ఊహించుకోండి. ఇవ్వాలనే ఉంటే నా మనసులో కోరికే పుట్టకుండా ఇవ్వు అన్నాడు. ఇంకొక్కటి మాత్రం అడిగాడు: తనని చంపబోయిన తండ్రికి ఆ పాపం అంటకూడదని. స్వామి సరే అని, వెళ్లి నాన్నకి అంత్యక్రియలు చెయ్యి అన్నాడు.

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గెలిచినవాడు అనుకుంటాం గానీ, ఆ రోజు ఆ పిల్లాడు నాన్నని పోగొట్టుకున్నాడు.

అంటే ఉద్యోగం కోసం, అమ్మ ఆరోగ్యం కోసం మొక్కుకోకూడదా? మొక్కుకోండి. గజేంద్రుడు అడిగాడు, దొరికింది. నేను వదిలేసింది లెక్క చూసుకోవడం ఒక్కటే: నేను ఇన్ని వారాలు చేశాను, ఆయన ఇంకా బాకీ ఉన్నాడు అనే లెక్క.

ఇది అవ్వకి చెప్తే నవ్వింది. మా వైపు వానలు తక్కువ, శెనక్కాయ పంట పోయిన ఏళ్లే ఎక్కువ. “పోయిన తూరి పంట పోయిందని ఈ తూరి ఇత్తనాలు వెయ్యకుండా ఉంటామా నాయనా? మొక్కేది మొక్కుతాం, దున్నేది దున్నుతాం” అంది. నాకు ఉద్యోగం ఏడో నెలలో వచ్చింది. అవ్వకి ఆ ఏడు కూడా పంట సరిగా రాలేదు. అయినా కదిరి పున్నమికి ఇద్దరం కలిసే వెళ్లాం. రథం మీదకి చల్లడానికి మిరియాలు ఆవిడే కొంగున కట్టుకుని తెచ్చింది.

ఈ వారం వీలైతే సప్తమ స్కంధంలో స్వామి ప్రత్యక్షమైన తర్వాతి భాగం చదవండి. పోతన గారిది కష్టమనిపిస్తే తాత్పర్యం ఉన్న పుస్తకం తీసుకోండి.